మూడో నెల దాకా గప్‌చుప్

మొన్న మా నర్సాపురం నుంచి ఒక పిల్ల ఫోన్ చేసింది. నర్సింగ్ చదివింది, మస్కట్‌లో ఒక సంతానం క్లినిక్‌లో ఉద్యోగం ఖాయమైందట. "అక్కా, అక్కడ డ్యూటీ లైటంట కదండీ? చావులుండవంట, అందరూ కడుపులు పండాయని స్వీట్లు పంచుతా ఉంటారంట?" అని అడిగింది. నవ్వాలో తిట్టాలో తెలియలేదు. "ఎవరే నీకు చెప్పింది?" అన్నాను. "ఏజెంటండీ" అంది. ఆ ఏజెంటుది జన్మలో సిరంజి పట్టుకున్న మొహం కాదు గనక ఊరుకున్నాను.

ఆ పిల్లకి ఫోన్‌లో చెప్పలేనిది ఇక్కడ రాస్తున్నాను. నేను ఒమన్‌లో నర్సుగా తల నెరిసేదాకా పనిచేశాను. అందులో చివరి సగం సంతానం క్లినిక్‌లోనే. ఎప్పుడు చేరాను, ఎప్పుడు ఇన్‌ఛార్జినయ్యాను, వచ్చేటప్పుడు ఎవరు శాలువా కప్పారు అన్నవి రాయను. అవి చదివి ఎవరూ ఒక్క ఇంజెక్షన్ కూడా సరిగ్గా పొడవలేరు. మనుషుల పేర్లు మార్చాను. బుద్ధులు మార్చలేదు, అవి మార్చడం నావల్ల కాదు.

లైట్ డ్యూటీ

ముందు ఆ చావుల సంగతి. ఉంటాయి తల్లీ. పేరు పెట్టని చావులు, ఫోటో లేని చావులు. రక్తపరీక్షలో కడుపు నిలిచిందని తేలుతుంది, ఇంట్లో ఒక ఆడది ఏడుస్తూ నవ్వుతుంది, కొన్ని వారాలకి స్కానింగ్‌లో గుండె కొట్టుకోదు. ఆమెకి ఆ మాట చెప్పేది డాక్టరనుకుంటున్నావేమో. డాక్టరు తెరవైపు చూసి, ఇంగ్లీషులో రెండు ముక్కలని, చేతులు కడుక్కుని బయటికెళ్తాడు. బల్లమీద పడుకున్న మనిషి నీ చెయ్యి పట్టుకుని "ఏవన్నారు సిస్టర్?" అంటుంది. అక్కడ మొదలవుతుంది మన లైట్ డ్యూటీ.

రెండోది ఫోన్. పిండం లోపల పెట్టి ఇంటికి పంపాక పరీక్ష రోజు వచ్చేదాకా ఆడవాళ్ళు ఫోన్ చేస్తూనే ఉంటారు. తుమ్మాను, జారిపోతుందా? మెట్లెక్కాను, ఊడిపోతుందా? నువ్వులుండ తిన్నాను, ఇంకేముంది? వాళ్ళనేమీ అనను, భయం వాళ్ళది. ఆ భయానికి ఆజ్యం పోసేవాళ్ళున్నారే, వాళ్ళ మీదే నా ఒళ్ళుమంట. పక్కింటి పిన్ని, వాట్సాప్ మామయ్య, ఎనిమిదిమందిని కన్న నాయనమ్మ. బొప్పాయి తినకు, ఎడమవైపు తిరక్కు, మంచం దిగకు. వాళ్ళ మాటలు వింటే ఆడదాని గర్భసంచి అడుగున చిల్లు ఉంటుందనుకోవాలి.

మూడోది మొగుళ్ళు. జగిత్యాల వైపు నుంచి వచ్చిన ఒక ఫోర్‌మన్ ఉండేవాడు. భార్యని విజిట్ వీసా మీద తెచ్చి పరీక్షలన్నీ చేయించాడు. ఆమెకి సూది గుచ్చని చోటు లేదు. నీ పరీక్ష ఒక్కటుంది బాబూ అంటే మాత్రం మీసం దువ్వాడు. "నాకేం తక్కువున్నది సిస్టర్? సైట్ల యాభై మందిని నడిపిస్తున్న నేను" అన్నాడు. "వాళ్ళని నడిపించు నాయనా, ఇక్కడ నడవాల్సినవి వేరే ఉన్నాయి" అన్నాను. భార్య కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. మర్నాడు పరీక్షకిచ్చాడు. నడిచేవి లేవు. ఆరేళ్ళు ఆ పిల్లని గొడ్రాలన్న నోళ్ళు ఆ కాగితం చూశాక ఏమన్నాయో తెలుసా? "పోనీలే, దేవుడి దయ" అన్నాయి. మగాడి దగ్గరికొచ్చేసరికి దేవుడికి ఎక్కడలేని దయా పుట్టుకొస్తుంది.

గోడ మీది పిల్లలు

మా పెద్ద డాక్టరుగారు ఏ దేశం వాడో చెప్పను. చెయ్యి మంచిది, అది ఒప్పుకోవాలి. ఎంత కష్టమైన కేసులోనైనా పిండం పెట్టేటప్పుడు ఆ చెయ్యి వణకడం నేను చూడలేదు. చెయ్యి సంగతి అంతవరకే. మనిషి సంగతి ఆయన గోడని చూస్తే తెలిసిపోతుంది. రిసెప్షన్ వెనక గోడ నిండా బుజ్జి పిల్లల ఫోటోలు. కొత్తగా వచ్చిన దంపతులు ఆ గోడని చూసే సగం మెత్తబడతారు.

ఆ గోడ వెనక లెక్క ఏమిటంటే, రక్తపరీక్ష పాజిటివ్ వస్తే మా క్లినిక్ గెలిచినట్టు. అంతే. ఆ తర్వాత ఆ కడుపు నిలిచిందా, పోయిందా అన్నది మా గెలుపులోకి రాదు. పాజిటివ్ వచ్చిన మనిషికి ఒక పూలగుత్తి, ఒక చాక్లెట్ డబ్బా, ఇంటి దగ్గరలో ఉన్న కాన్పుల డాక్టరుకి ఒక ఉత్తరం ఇచ్చి సాగనంపేవాళ్ళం. తర్వాత ఫోన్ చేస్తే ఎత్తాల్సిన పని లేదని మేనేజరు చెప్పేవాడు. నేను ఎత్తేదాన్ని. "సిస్టర్ విక్టోరియా, మీరు వాళ్ళ అమ్మగారా?" అని వెటకారమాడేవాడు. పెళ్ళి పీటల మీద నుంచే చెయ్యి దులుపుకునే పెళ్ళిళ్ళ పేరయ్యకీ వీడికీ తేడా ఏమిటో నాకు ఇప్పటికీ తెలియదు.

మహమ్మారి వచ్చినప్పుడు

విమానాలు ఆగిపోయినప్పుడు మా క్లినిక్ కూడా కొత్త కేసులు ఆపేసింది. పిల్లలు పుట్టించడం అత్యవసరం కాదన్నారు. పైనుంచి చెప్పేవాళ్ళకి అలాగే ఉంటుంది. అప్పటికే ముప్పై తొమ్మిది దాటి, అండాలు అడుగంటుతున్న మనిషికి ఆ కొన్ని నెలలే అత్యవసరం. ఫోన్లో అరిచేవాళ్ళు, బతిమిలాడేవాళ్ళు, ఏమీ అనకుండా పెట్టేసేవాళ్ళు.

కొన్నాళ్ళకి తలుపులు కొద్దిగా తెరిచారు. అప్పుడు మొగుళ్ళని లోపలికి రానివ్వలేదు. సూర్ నుంచి భార్యని తీసుకుని ఒక ఒమానీ అబ్బాయి వచ్చేవాడు, గ్యాస్ ప్లాంటులో ఉద్యోగం. పార్కింగులో కారులో కూర్చుని అద్దంలోంచి మా తలుపువైపే చూస్తుండేవాడు. స్కానింగ్‌లో గుండె కొట్టుకోవడం భార్య ఫోన్లో చూపిస్తే ఆ ఎండలో కారు దిగి, ఎవరూ చూడరనుకుని రెండు చేతులతో మొహం కప్పుకుని ఏడ్చాడు. నేను కిటికీలోంచి చూశాను. మన మొగుళ్ళలో ఇలాంటివాళ్ళు లేరని కాదు. ఉన్నా తల్లి వీడియో కాల్‌లో ఉంటే ఏడవరు.

ఇక మనవాళ్ళ కషాయాలు! ఆ రోజుల్లో గల్ఫ్‌లో తెలుగువాడి వంటింట్లోకెళ్తే మిరియాలు, శొంఠి, పసుపు, వాము కలిపి ఉడుకుతూనే ఉండేవి. కడుపుతో ఉన్న పిల్లలకి కూడా పొద్దునా సాయంత్రం అదే. వేడి చేస్తుందని బొప్పాయి ముక్క మాన్పించినవాళ్ళే గ్లాసుడు మిరియాల మంట తాగించారు. అడిగితే "వాట్సాప్‌లో వచ్చిందండీ" అనేవాళ్ళు.

సునీత

ఇప్పుడు అసలు మనిషి. సునీతది పాలకొల్లు దగ్గర. మస్కట్‌కి చాలా దూరం, షినాస్ వైపు ఒక ఆసుపత్రిలో స్టాఫ్ నర్సు. మొగుడు దాసు సోహార్‌లో ఒక కంపెనీలో స్టోర్‌కీపరు. పెళ్ళై ఏడేళ్ళు. దాసు నెమ్మదస్తుడు. మరీ నెమ్మదస్తుడు, ఏదడిగినా "అమ్మనడిగి చెప్తానండి" అనేవాడు. అమ్మంటే సరోజనమ్మగారు, పాలకొల్లులోనే ఉంటుంది, స్త్రీల సమాజంలో పెద్ద. ఆవిడ అక్కడ తుమ్మితే ఇక్కడ దాసు చిరంజీవ అనేవాడు.

మొదటిసారి పిండం పెడితే నిలవలేదు. రెండోసారి మేం తలుపులు తెరిచిన ఆ కొద్దిరోజుల్లో పెట్టాం. నిలిచింది. ఫోన్లో పరీక్ష ఫలితం చెప్పింది నేనే.  సునీత "అక్కా, ఇంకోసారి చెప్పండి" అంది. ఇంకోసారి చెప్పాను. "ఇంకొక్కసారండీ" అంది. మూడోసారీ చెప్పాను.

మర్నాడే పాలకొల్లు నుంచి ఆజ్ఞ వచ్చింది. మూడో నెల నిండేదాకా ఎవరికీ చెప్పకూడదు. ఈ ఆచారం తెలుగిళ్ళన్నిట్లో ఉన్నదే. హిందువులు దిష్టి అంటారు. మా క్రైస్తవులు దిష్టిని నమ్మం, ఛీ, అది అన్యాచారం! మాది "శోధన". పేరు మార్చి అదే భయం. ముందుగా బయటపెడితే శత్రువు, అంటే సాతాను, కన్ను పడుతుందట. సరే, పుట్టినింట్లోనూ మెట్టినింట్లోనూ గప్‌చుప్‌గా ఉండండి, మీ ఇష్టం, ఎవరికి నష్టం? కానీ సునీత ఆసుపత్రిలో కూడా చెప్పలేదు. వార్డు ఇన్‌ఛార్జికి చెప్పలేదు. చెప్తే అక్కడి తెలుగు నర్సులకి తెలుస్తుంది, వాళ్ళంతా ఒకే ఫెలోషిప్, శుక్రవారం ప్రార్థనకల్లా అందరికీ తెలుస్తుంది, శోధన వస్తుంది. అదీ లెక్క.

సరోజనమ్మగారు మాత్రం నోరు కట్టేసుకున్నారా? ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు. స్త్రీల సమాజంలో ఉపవాస ప్రార్థన పెట్టించారు. "గల్ఫ్‌లో ఉన్న ఒక సహోదరి, పేరు చెప్పను, నా కొడుకు భార్యే అనుకోండి, ఆమె గర్భఫలం కోసం ప్రార్థించండి" అన్నారట. ఈ ముక్క నాకు తర్వాత నర్సాపురంలో ఉండే మా చెల్లెలు చెప్పింది. అంటే గోదావరి గట్టు దాకా తెలిసింది. తెలియాల్సిన ఒక్క మనిషికి, డ్యూటీలు వేసే మనిషికి, తెలియలేదు.

కొత్తగా చేరేవాళ్ళు ఇక్కడొక సంగతి తెలుసుకోవాలి. గర్భిణీ నర్సుని కోవిడ్ వార్డులో వెయ్యకూడదని అక్కడ ఆ రోజుల్లో అందరూ పాటించారు. అడిగితే చాలు, తీసేసేవారు. అడగాలంటే చెప్పాలి. ఎంతోమంది పేషెంట్లకి నీళ్ళు నమలకుండా విషయం చెప్పండమ్మా, డాక్టరు దగ్గరా లాయరు దగ్గరా దాచకూడదమ్మా అని నీతులు చెప్పిన నర్సే ఇది. అందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టు తన దగ్గరికొచ్చేసరికి నోరు కుట్టేసుకుంది.

గొంతు మారింది

కడుపు నిలబడటానికి నూనెమందు ఇంజెక్షన్లు చాలా వారాలు చేసుకోవాలి. అవి గట్టిగా ఉంటాయి, పొడిచిన చోట గడ్డకడుతుంది. అప్పటికి జిల్లాల మధ్య రోడ్లు మళ్ళీ మూసేశారు. షినాస్ నుంచి మస్కట్ రావడం కుదరదు. మా క్లినిక్ చాక్లెట్ డబ్బా ఇచ్చి చేతులు దులుపుకుంది. అందుకని నేనే ఫోన్ చేసి నొప్పెలా ఉంది, మందుందా, రక్తం కనబడిందా అని అడిగేదాన్ని.

"డ్యూటీ ఎక్కడే?" అంటే "ఓపీలోనేనండి అక్కా, కూర్చునే పనే" అనేది. ఒకరోజు ఫోన్ ఎత్తింది గానీ గొంతు డబ్బాలోంచి వస్తున్నట్టుంది. వెనక మిషన్ల కూతలు.

"ఏంటే, ఆ గొంతేంటి?" అన్నాను.

"మాస్కక్కా."

"ఓపీ మాస్కుకి గొంతు అలా రాదు. ఎక్కడున్నావు?"

వెనక ఇంకో మిషన్ కూసింది. నాకు అర్థమైంది. తల నుంచి కాలి దాకా ఆ ప్లాస్టిక్ చొక్కా తొడుక్కుని, గంటల తరబడి నీళ్ళు తాగకుండా, ఒకటికి పోకుండా, వేవిళ్ళతో ఆ పిల్ల కోవిడ్ వార్డులో ఉంది. బట్టలు మార్చుకునే గదిలో తన తొడకి తనే ఆ ఇంజెక్షన్ పొడుచుకుని లోపలికి పోతోంది. ఒకసారి మాస్కులోనే వాంతి చేసుకుందట, పక్కనున్న మలయాళీ అమ్మాయికి నిన్నటి చేప పడలేదని చెప్పిందట.

నాకు వచ్చిన కోపానికి నోటికొచ్చినట్టు తిట్టాను. "నీకేమైనా బుద్ధుందా? ఇప్పుడే ఇన్‌ఛార్జికి చెప్పు!"

"ఇంకొన్ని వారాలేనక్కా. మూడో నెల వచ్చేస్తుంది. అత్తయ్య ఉపవాసం ఉంటన్నారు. మధ్యలో చెప్తే అదంతా పాడవుద్దంటున్నారు."

"ఉపవాసం ఆవిడుంటే జ్వరం నీకొస్తుందే పిచ్చిదానా!"

"మీరు మాత్రం ఎవరికీ చెప్పకండక్కా. నా మీద ఒట్టు" అంది.

నేను దాసుకి ఫోన్ చేశాను. కనీసం మొగుడన్నవాడు మాట్లాడతాడేమోనని. "నేనూ చెప్పానండి" అన్నాడు. ఎవరికి చెప్పావయ్యా అంటే "అమ్మకి" అన్నాడు. "అమ్మేమంది?" "వద్దందండి." చదవేస్తే ఉన్నమతి పోయిందనే సామెత ఉంది గానీ ఇతనికి పోవడానికి ముందునుంచీ ఏమీ లేదు.

పెద్ద డాక్టరుగారి దగ్గరికెళ్ళాను. ఆ ఆసుపత్రికి మీరొక్క ఫోన్ చెయ్యండి, మీ మాట వింటారు అన్నాను. ఆయన ఫోటోల గోడకి కొత్త ఫోటో ఎక్కడ పెట్టాలా అని చూస్తున్నాడు. "ఆమె ఇప్పుడు మన పేషెంటు కాదు సిస్టర్. పైగా పేషెంటు రహస్యం మనం బయటపెట్టకూడదు" అన్నాడు. చట్టం ఆయనకి అప్పుడే గుర్తొచ్చింది. అదే ఆమెకి కవల పిల్లలు పుడితే అడక్కుండానే గోడకెక్కించేవాడు.

మాత్ర

అనుకున్నంతా అయింది. వారం తిరక్కుండా సునీతకి జ్వరం. పరీక్ష పాజిటివ్. ఈసారి ఆ పాజిటివ్‌కి చాక్లెట్ డబ్బా ఎవరూ ఇవ్వలేదు. తను పనిచేసే వార్డులోనే తనకి మంచం వేశారు.

ఆ రోజుల్లో ఒక మాత్ర ఇచ్చేవారు. ఆ మందు గురించి మొదట చెప్పే హెచ్చరికే గర్భిణులు మింగకూడదని. అందుకే మాత్ర ఇచ్చేముందు డ్యూటీ డాక్టరు అడిగాడట, కడుపుతో ఉన్నావా, నెలసరి ఎప్పుడని. పక్క మంచం దగ్గర ఫెలోషిప్ అమ్మాయి సెలైన్ మారుస్తోంది. సునీత "పోయిన వారమేనండి" అంది. నర్సు మాట కదా అని ఆయన నమ్మాడు. మామూలు పేషెంటైతే పరీక్ష చేసేవాడు.

ఇది నాకు ఫోన్లో గుసగుసగా చెప్పింది, దగ్గుతూ. "మాత్ర మింగలేదక్కా. నాలుక కింద పెట్టుకుని తర్వాత ఊసేస్తన్నాను. బిడ్డకేం కాదు కదా?"

అప్పుడు నాకు కోపం రాలేదు. భయం వచ్చింది. మందు మింగదు, మింగట్లేదని చెప్పదు. అక్కడ డాక్టర్లు ఆమెకి మందు పడుతోందనుకుంటారు. జ్వరం పెరుగుతుంది, మందు వేస్తున్నా తగ్గట్లేదేంటని ఇంకో బలమైన మందు సెలైన్లో ఎక్కిస్తారు. దాన్ని నాలుక కింద దాచలేదు. బిడ్డ సంగతి తర్వాత, ఈ పిల్ల బతకాలి.

"సునీతా, విను. మీ ఇన్‌ఛార్జి వార్డులో ఉందా?"

"ఉన్నారండి."

"పిలు. ఫోన్ పెట్టెయ్యకు, స్పీకర్ పెట్టు. నువ్వు చెప్తే సరే. చెప్పకపోతే నేనే ఇక్కణ్ణించి అరిచి చెప్తాను. వార్డు వార్డంతా వింటుంది, మలయాళీలూ తెలుగువాళ్ళూ అందరూ. ఎలా కావాలో నువ్వే చూసుకో."

"అక్కా, ఒట్టేశారు."

"నేనెక్కడేశానే? నువ్వేశావు. నీ ఒట్టు నువ్వే తీసి గట్టుమీద పెట్టుకో."

ఇన్‌ఛార్జి సిస్టర్ ఖదీజా ఒమానీ మనిషి, పెద్దావిడ. మాతో అరబ్బీ, హిందీ కలిపి మాట్లాడేది. సునీత వచ్చీరాని హిందీలో చెప్పింది.  ఆవిడ విరుచుకుపడింది చూడు!

"యా బింతీ! నా తల్లీ, పాగల్ హో క్యా తుమ్, పిచ్చా నీకు? ఇప్పటికి ముగ్గురు కడుపుతో ఉన్నవాళ్ళని ఇక్కణ్ణించి తీసి రికార్డుల గదిలో కూర్చోబెట్టాను. నాలుగో కుర్చీ లేదా నా దగ్గర? నేను నీకు శత్రువునా?"

మాటల మధ్యలోనే ఎవరినో పిలిచి ఆ మాత్ర ఆపించింది, కాన్పుల డాక్టరుని రమ్మంది, నర్సులందరినీ ఆ మంచం దగ్గర్నుంచి తరిమేసింది. తర్వాత ఫోన్ తీసుకుని నాతో "నువ్వెవరు?" అంది. చెప్పాను. "ముందే చెయ్యాల్సింది" అని పెట్టేసింది. శత్రువు కన్ను పడుతుందని ఏ మనిషి దగ్గర దాచారో, ఆ మనిషి ఆ సాయంత్రం ఇంటి నుంచి సూప్ చేయించి తెచ్చింది.

తగిన మందులు పడ్డాయి. సునీత ఊపిరి నిలదొక్కుకుంది, జ్వరం దిగింది, ఇంటికొచ్చింది. మేమంతా గండం గడిచిందనుకున్నాం. మరుసటి వారం రక్తం కనబడింది. స్కానింగ్‌లో గుండె లేదు.

షినాస్‌లో

కొత్త పిల్లలకి ఒక్కటే చెప్తాను. కడుపు నిలిచిందని తెలిసిన రోజే నీ ఇన్‌ఛార్జికి చెప్పు. అమ్మకి తర్వాత చెప్పు, అత్తకి ఆ తర్వాత చెప్పు, ఫెలోషిప్‌కి అసలు చెప్పకపోయినా పరలోకం మూసుకుపోదు. పేషెంటు దాస్తోందనిపిస్తే మాత్రం మర్యాద పాటించకు, తిట్టి కక్కించు. మంచి నర్సంటే మెత్తగా మాట్లాడేదని ఎవరో పుట్టించారు. వాళ్ళు మంచం మీద ఉన్నారో, మంచం పక్కన ఉన్నారో నాకు తెలియదు.

రోడ్లు తెరవగానే షినాస్ వెళ్ళాను. మా ఊరి కుర్రాడు బర్కాలో తోటల నుంచి కూరగాయల బండి తోలుతాడు, దాంట్లో ఎక్కించుకున్నాడు. సునీత వాళ్ళది ఒక కిరాణా షాపు మీద రెండు గదులు. మెట్లెక్కుతుంటే ఎండు చేపల వాసన. తలుపు దాసు తీశాడు. నన్ను చూసి "రండక్కా" అని పక్కకి జరిగాడు. గడ్డం పెరిగి, కళ్ళు పీక్కుపోయి ఉన్నాడు. మొదటిసారి ఆ మనిషిని చూస్తే జాలేసింది.

సునీత మంచం మీద గోడకి ఆనుకుని కూర్చుంది. కొంగుతో పొట్ట కప్పుకుని ఉంది. ఒట్టి పొట్ట. ఏడవడం లేదు. ఏడిస్తే ఎవరికైనా వినబడుతుందేమోనని, పక్క వాటాలో కూడా మన తెలుగువాళ్ళే ఉన్నారు. సంతోషాన్నే దాచమన్నవాళ్ళు దీన్ని బయటపెట్టనిస్తారా? కడుపే లేనప్పుడు కడుపు పోవడమేంటి? ఎవరూ పరామర్శకి రాలేదు, ఎలా వస్తారు? జ్వరం తగ్గిందటగా, దేవునికి స్తోత్రం అని ఫెలోషిప్ వాట్సాప్‌లో చేతులు జోడించిన బొమ్మలు పెట్టారు. ఖదీజా ఒక్కతే వచ్చి, ఖర్జూరాలు పెట్టి, తల నిమిరి వెళ్ళిందట.

నేను చెయ్యి పట్టుకుని కూర్చున్నానో లేదో వీడియో కాల్. సరోజనమ్మగారు. దాసు ఫోన్ గ్లాసుకి ఆనించి బల్లమీద పెట్టాడు. ఆవిడ కాసేపు ముక్కు చీదింది. నిజంగానే ఏడ్చింది, కాదనను. ఆ తర్వాత కళ్ళు తుడుచుకుని అంది:

"పోన్లే అమ్మా, ఏం చేస్తాం. ఒకందుకు ఎవరికీ చెప్పకపోవడం మంచిదైంది చూడు. చెప్పుంటే ఈపాటికి ఎంతమందికి జవాబు చెప్పుకోవాలి? నలుగురిలో తలెత్తుకోగలమా?"

సునీత ఆ ఇంట్లో ఏడేళ్ళలో అత్తగారికి ఎదురు చెప్పలేదు. తల ఎత్తి ఫోన్‌లోకి సూటిగా చూసింది.

"చెప్పుంటే నన్నా వార్డులో వేసేవారు కాదండి అత్తయ్యా. చెప్పుంటే నా బిడ్డ బతికేది."

గొంతు పెంచలేదు.  దాసు అటు తల్లిని చూశాడు, ఇటు భార్యని చూశాడు, ఆఖరికి నావైపు తిరిగాడు. "అక్కా, అలా ఏం కాదని మీరు చెప్పండి. మీకు తెలుసు కదండి" అన్నాడు. ఫోన్లోంచి ఆవిడ కూడా "అవునమ్మా, నువ్వు పెద్ద నర్సువి, నువ్వు చెప్పు" అంది.

నాకు తెలుసు. తొలి నెలల్లో పోయే కడుపుల్లో ఎక్కువభాగం ఆ పిండంలోనే తేడా ఉండి పోతాయి. జ్వరం వల్లే పోయిందని ఎవరూ తేల్చి చెప్పలేరు. ఓపీలో కుర్చీలో కూర్చున్నా పోయేదేమో. నీ తప్పు లేదమ్మా అనే ఆ మాట నా ఉద్యోగమంతా ఎంతమందికి చెప్పానో, నిద్రలో లేపి అడిగినా చెప్తాను. ఆ మధ్యాహ్నం నోరు తెరవలేదు. సరోజనమ్మగారిని చూస్తూ కూర్చున్నాను. ఆవిడ కళ్ళు దించుకుంది. నెట్ సరిగ్గా రావట్లేదు అని గొణిగి కాల్ కట్ చేసింది. దాసు టీ పెడతానని లోపలికెళ్ళాడు.

వంటింట్లో కుళాయి తిప్పిన చప్పుడు వినబడ్డాక నేను సునీత దగ్గరికి జరిగాను. ఆవిడ భారం ఆవిడ మోస్తుంది గానీ ఈ పిల్ల మొయ్యకూడదు. "విను. నేను ఇందాక చెప్పనిది ఇప్పుడు చెప్తున్నాను. జ్వరం వల్లే అని ఎవరూ చెప్పలేరు. మామూలుగా కూడా..."

"తెలుసక్కా" అంది సునీత. "నేనూ నర్సునే కదండీ."

నా చెయ్యి మీద తన చెయ్యి వేసి, వంటింటివైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించింది.

"ఆవిడకి మాత్రం చెప్పకండి."